దంపతులూ ఇల్లూ

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని తెలుగువారి సామెత. ఈ రెండు పనులను పక్కపక్కన నిలిపినది అనుభవమే కాని అలంకారం కాదు. రెండింటికీ చేతిలో ఉన్నదానికి మించిన ధనం కావలెను. రెండింటిలోనూ పిలిచినవారు వేళకు రారు, పిలవనివారు సలహాలు చెబుతారు. రెండూ ఒకసారి మొదలుపెట్టిన పిమ్మట నడుమ ఆపడానికి వీలులేనివి. అయితే ఈ సామెతలో ఒక విశేషమున్నది. చూడుమని అది చెబుతున్నది ఎవరితో? కట్టించేవాడితో, చేయించేవాడితో, అనగా ఇంటి యజమానితో. పెండ్లికూతురు అందులో లేదు. కట్టిన ఇంటిలో కాపురం చేయబోయే ఇల్లాలూ అందులో లేదు. ఇంటిపని ఒక మనిషికి పరీక్ష అని సామెత గ్రహించినది. అది ఒక దాంపత్యానికి పరీక్ష అని మాత్రం చెప్పలేదు.

పాత ఇంటిని విప్పి కొత్తగా కట్టుకోవడం, కప్పు మార్చడం, గోడ పడగొట్టి గది పెంచడం వంటి పెద్ద పనులు ప్రతి సంసారంలోను ఎన్నో ఏండ్లకొకసారి వస్తాయి. అంతవరకు భార్యాభర్తల నడుమ చెప్పుకోకుండానే జరిగిపోతున్న సంగతులన్నీ ఆ కొద్ది నెలలలో మాటలుగా బయటికి రావలసి ఉంటుంది. ఎవరికి ఏమి కావలెను, ఎంతవరకు అప్పు చేయవచ్చును, ఎవరి మాట మీద మేస్త్రీ పనిచేయవలెను, చివరకు ఆ ఇల్లు ఎవరిది అనే ప్రశ్నలు ఇసుకబండితోపాటే వాకిట దిగుతాయి. వీటి వెనుక ఒక ధర్మసందేహమున్నది. ఇద్దరు కలిసి చేసిన పని అని దేనిని అనవలెను? ఇద్దరి చెమటా అందులో కలిస్తే చాలునా? ఇద్దరి ధనం కలవవలెనా? ఇద్దరి పేర్లు పత్రం మీద ఉండవలెనా? లేక ఇవేవీ కాక మరొకటి కావలెనా?

ఈ సందేహాన్ని మేడలున్న పట్టణంలో కంటె మట్టిగోడలున్న పల్లెలో విచారించడం సులువు. అక్కడ ఇల్లు ఎవరి చేతుల మీదుగా లేస్తున్నదో కంటికి కనబడుతుంది. పూర్వపు బస్తరు సంస్థానానికి నైరుతి అంచున తర్లగూడ అనే పల్లె ఉన్నది. హైదరాబాదు నుండి వరంగల్లు, ఏటూరునాగారం మీదుగా గోదావరి దాటి భోపాలపట్నం పోయే జాతీయరహదారి ఈ ఊరి మీదుగా సాగుతుంది. బస్తరు 1948లో సంస్థానంగా ముగిసినది. ఆ సీమ 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో చేరినది. 2007లో బీజాపూరు ప్రత్యేక జిల్లా అయినది. పాలనలు మారినా ఆ ప్రాంతపు పలుకులో తెలుగు చెరిగిపోలేదు. కోయలకు దగ్గరివారైన దోర్లలు తమ గోండీ తెగ మాటతోపాటు తెలుగునూ ఎరుగుదురు. నదికి ఈవలి సంతలు, ఆవలి సంతలు, రెండు గట్ల చుట్టరికాలు ఆ భాషను నిలిపి ఉంచాయి.

ఈ గోదావరి అడవి సీమలోని పాతకాలపు ఇల్లు ఒకనాటి నిర్మాణం కాదు. గుంజలు పాతి, వెదురు తడికలు అల్లి, వాటిపై మన్ను మెత్తి, తాటాకో గడ్డియో కప్పితే ఇల్లు నిలుస్తుంది. నిలిచిన మరునాటి నుండే అది శిథిలం కావడం మొదలుపెడుతుంది. చెద కింది నుండి పైకి వస్తుంది, వాన పైనుండి కిందికి వస్తుంది. అందువల్ల ఆ ఇంటిని ఏటేటా మళ్ళీ కట్టుకోవలసిందే. వేసవిలో మొదట ఇప్పపూవు, తరువాత తునికాకు. ఆ రెండు పంటల నడుమనో, ఆకు డబ్బు చేతికి వచ్చిన వెంటనే మృగశిర కార్తెకు ముందుగానో ఇంటిపని పూర్తికావలెను. పురుషుడు వాసాలు మార్చి ఆకు కప్పుతాడు. స్త్రీ మన్ను తొక్కి, పేడ కలిపి, గోడకు పూత పూసి, నేల అలుకుతుంది. చూరు అతని పని, అరుగు ఆమె పని. ఒకరి పని ఆగితే రెండవవారి పని వ్యర్థం. కప్పు కారితే పూత కరిగిపోతుంది. పూత లేని తడిక మీద కప్పు ఉన్నా వానజల్లు లోపలికి కొడుతుంది.

ఈ పనివిభజనను చూసి ముచ్చటపడడం తేలిక. అయితే దానిలోపల దాగిన అసమానతను కూడా చూడవలెను. సంతాలు తెగలో స్త్రీ నాగలి పట్టరాదు, ఇంటి కప్పు కప్పరాదు అనే కట్టుబాటు ఉన్నట్లు మానవశాస్త్రజ్ఞులు నమోదు చేశారు. అదే సంతాలు స్త్రీలు మట్టిగోడలను నునుపుచేసి వాటి మీద వేసే చిత్రాలకు దేశమంతటా పేరున్నది. గోడను అందంగా తీర్చడానికి అనుమతి ఉన్నది, కప్పు ఎక్కడానికి లేదు. దీనిని వట్టి మూఢాచారమని తోసివేయరాదు. నాగలి పట్టినవానిది పొలం, కప్పు కప్పినవానిది ఇల్లు అనే లెక్క దాని వెనుక ఉన్నదని తోస్తుంది. ఏ పని చేస్తే సొత్తు మీద హక్కు పుడుతుందో ఆ పనిని ఒకరికి నిషేధించడం వల్ల హక్కు మరొకరి వద్ద నిలిచిపోతుంది. నిషేధించని పనులన్నీ ఆమెవే. వాటి వల్ల మాత్రం ఏ హక్కూ పుట్టదు.

పదిహేడవ శతాబ్దంలో ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ సొత్తును గురించి ఒక సిద్ధాంతం చెప్పినాడు. ప్రకృతిలోని వస్తువుతో మనిషి తన శ్రమను కలిపినప్పుడు అది అతని సొంతమవుతుందని దాని సారాంశం. శ్రమను మట్టితో కలపడమంటే ఏమిటో తర్లగూడ వంటి ఊళ్ల ఆడవారికి లాక్ చెప్పనక్కరలేదు. వారు ఏటా రెండు కాళ్లతో తొక్కి, రెండు చేతులతో ఆ పనే చేస్తున్నారు. ఆ సిద్ధాంతాన్ని అక్షరాలా పాటిస్తే మట్టిగోడ ఇంటిలో సగానికి పైగా ఇల్లాలిది కావలెను. లోకంలో అట్లా జరగలేదు. కారణమేమనగా, శ్రమను లెక్కించేటప్పుడు లోకం మొదటిసారి చేసిన పనినే లెక్కిస్తుంది. ఆ పనిని నిలిపి ఉంచడానికి మళ్ళీ మళ్ళీ చేసిన పనిని లెక్కించదు. పునాది తీసిన రోజు అందరికీ జ్ఞాపకం. ఇరవై ఏండ్లు అలికిన రోజులు ఎవరికీ జ్ఞాపకముండవు.

హన్నా ఆరెంట్ 1958లో వెలువరించిన గ్రంథంలో మనుష్యుల పనిని విభజించి చూపింది. వండడం, ఊడ్చడం వంటివి చేసిన కొద్దీ హరించుకుపోయి మరునాడు మళ్ళీ చేయవలసివచ్చే పనులు. బల్ల చేయడం, కట్టడం కట్టడం వంటివి చేసినవాని తరువాత కూడా లోకంలో నిలిచే పనులు. మొదటిది జీవితాన్ని నడుపుతుంది, రెండవది లోకాన్ని నిర్మిస్తుంది. ఈ భేదం పట్టణపు ఇంటిలో స్పష్టంగా కనబడుతుంది. మట్టి ఇంటిలో మాత్రం అది చెరిగిపోతుంది. అక్కడ అలకడమే కట్టడం. పూత పూయడం మానితే గోడ ఉండదు కాబట్టి, నిలిపే పనికీ నిర్మించే పనికీ హద్దు గీయడం అసాధ్యం. మట్టి ఇంటిలోని దంపతులలో ఒకరి పని మరొకరికి కనబడకుండా పోయే అవకాశం తక్కువ. ఆమెకు కాగితం మీద హక్కు లేకపోయినా, ఆమె చేయి ఆడనిదే ఇల్లు లేదనే ఎరుక ఇద్దరికీ ఉండేది.

ఇప్పుడా సీమలో పక్కా ఇండ్లు లేస్తున్నాయి. ఇందిరా ఆవాస్ యోజన 1985లో మొదలైనది. దాని స్థానంలో 2016లో ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస యోజన వచ్చినది. ఈ కొత్త పథకపు నియమాల ప్రకారం ఇంటికి కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు. మైదాన ప్రాంతాలలో 1,20,000 రూపాయలు, కొండసీమలలోను దుర్గమ ప్రాంతాలలోను 1,30,000 రూపాయలు సహాయం. ఇంకా చాలకపోతే 70,000 రూపాయలవరకు అప్పు తీసుకొనే వీలు. అన్నిటికన్న గమనించవలసినది మరొక నియమం: ఇల్లు భార్యాభర్తల ఉమ్మడి పేరున గాని, స్త్రీ పేరున గాని మంజూరు కావలెను. అంతకుముందే 2006 నాటి అటవీహక్కుల చట్టం అడవిభూమి మీద ఇచ్చే హక్కుపత్రం వివాహితుల విషయంలో ఇద్దరి పేర్ల మీదా ఉండవలెనని చెప్పినది. కప్పు ఎక్కరాదన్న స్త్రీ పేరు ఇట్లా భూమి పత్రంలోకి, ఇంటి పత్రంలోకి ఎక్కింది. ఇది చిన్న మార్పు కాదు.

ఇక్కడ ఒక విచిత్రమైన వైపరీత్యం కలిగినది. ఆమె పేరు పత్రం మీదికి వచ్చిన కాలానికే గోడ ఆమె చేతినుండి జారిపోయింది. ఇటుకగోడ అలకనక్కరలేదు. పునాది లోతు, ఇనుము మందం, స్లాబుకు సెంట్రింగు ఎన్నాళ్లు ఉంచవలెను అనే సంగతులు మేస్త్రీ చెప్పవలెను. మేస్త్రీతో మాట్లాడేవాడు భర్త. సిమెంటు దుకాణంలో ఖాతా అతని పేరున. విడతలవారీగా వచ్చే సొమ్ము కోసం పంచాయతీకి, బ్యాంకుకు తిరిగేది అతడే. మన్ను ఎక్కడిది మంచిది, ఏ పాలు పేడ కలిపితే పగలదు అనే విద్యలో ఆమె పండితురాలు. సిమెంటు ముందు ఆ విద్యకు పనిలేదు. పాత ఇంటిలో హక్కు లేదుగాని చేయి ఉన్నది. కొత్త ఇంటిలో హక్కు ఉన్నదిగాని చేయి లేదు. వేలిముద్ర వేసినంతమాత్రాన ఇల్లు ఇద్దరిదవుతుందా అనే సందేహం పుట్టడం సహజం.

అందువల్ల పాత మట్టి ఇల్లే మేలని తేల్చడం మాత్రం పొరపాటు. ఆ మాట అనేవారు సాధారణంగా పక్కా ఇంటిలో కూర్చుండి అంటారు. గోదావరి 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు లేచినది. అటువంటి వరదలలో నానిన మట్టిగోడ నీరు తీసిన పిమ్మట ఎండకు నిలవదు, తడికతోసహా ఒరిగిపోతుంది. చూరులో పాము, మూలలో చెద, పొయ్యి పొగకు మండే కండ్లు, వీటితో కాపురం చేసిన ఇల్లాలు ఇటుకగోడను కోరుకోవడంలో వింత లేదు. ఏటా మన్ను తొక్కే శ్రమనుండి విముక్తి పొందడమూ ఒక హక్కే. శ్రమ వల్లనే హక్కు పుడుతుందని పట్టుబడితే, శ్రమ తగ్గించమని కోరే అధికారం ఆమెకు లేకుండా పోతుంది. రోగిష్ఠి అయిన భార్యకు, వయసు మళ్ళిన భర్తకు తమ ఇంటిలోనే చోటు లేకుండా పోతుంది. లాక్ సిద్ధాంతం ఇక్కడ చాలదు. ఇద్దరూ ఎంతెంత పనిచేసినారో తూచి ఇంటిని పంచడం కూలిలెక్క అవుతుందే కాని దాంపత్యం కాదు.

శ్రమను విడిచి పత్రాన్ని పట్టుకొంటే సరిపోతుందా అనేది తరువాతి ప్రశ్న. చట్టం చేయగలిగిన మేలు చాలా ఉన్నది, చేయలేకపోయినదీ ఉన్నది. ఎన్.టి. రామారావు ప్రభుత్వకాలంలో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ కుమార్తెకు ఉమ్మడి ఆస్తిలో కుమారునితో సమానమైన హక్కు ఇచ్చినది. 2005లో అది దేశమంతటికీ వర్తించినది. కాని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదని ఆ చట్టమే చెబుతున్నది. కనుక దోర్లల ఇంటిలో వారసత్వాన్ని ఆచారమే నిర్ణయిస్తూ వచ్చినది. ఛత్తీస్‌గఢ్‌లోని ఒక గోండు కుటుంబం వ్యాజ్యంలో 2025 జూలైలో సుప్రీంకోర్టు, స్త్రీకి వాటా నిరాకరించే ఆచారమున్నదని రుజువు కానప్పుడు సమానత్వమే న్యాయమని తీర్పు చెప్పినది. అంతకు రెండేండ్లముందు, 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు మరొక ముఖ్యమైన మాట అన్నది: భర్త సంపాదనతో కొన్న ఆస్తిలో, ఇంటిని నడిపి ఆ సంపాదనకు తోడ్పడిన భార్యకు సమానభాగం ఉన్నదని. అలికిన రోజులకు న్యాయస్థానంలో దొరికిన గుర్తింపు ఇది.

ఈ తీర్పులు స్వాగతించదగినవి. అయితే ఇవన్నీ దాంపత్యమో జీవితమో ముగిసిన తరువాత పనికివచ్చేవి. భర్త మరణించినప్పుడు, విడిపోయినప్పుడు, అన్నదమ్ములు పంపకానికి వచ్చినప్పుడు పత్రం మాట్లాడుతుంది. ఇల్లు కడుతున్నప్పుడు పత్రం మాట్లాడదు. వంటగది కిటికీ ఏ వైపు ఉండవలెను, ముసలి అత్తగారి మంచం ఎక్కడ వేయవలెను, ముందు గది పెద్దది కావలెనా వెనుక పంచ పెద్దది కావలెనా అనే నిర్ణయాల వద్ద ఇద్దరు మనుష్యులే ఉంటారు. ఆ నిర్ణయాలు ఎట్లా జరిగినవి అన్నదాని మీదనే ఆ ఇంటి న్యాయం ఆధారపడి ఉంటుంది.

ఈ విషయంలో మన సంప్రదాయం గొప్ప మాటలు చెప్పినది. యజ్ఞంలో భర్తతో కూడిన సంబంధం వల్లనే పత్ని అనే పదం సిద్ధిస్తుందని పాణిని సూత్రం. ఇటుకలూ దూలాలూ ఇల్లు కావని, గృహిణియే గృహమని శాంతిపర్వంలోని పావురాల కథ చెబుతుంది. శంకుస్థాపన నాడు దంపతులిద్దరూ పీటల మీద కూర్చుంటారు; గృహప్రవేశంలో ఇద్దరూ కలిసి గడప దాటుతారు. కాని పీటల మీద కూర్చునే వేళకు స్థలం కొనడం, అప్పు తేవడం, మేస్త్రీకి బయానా ఇవ్వడం అన్నీ ముగిసి ఉంటాయి. కర్మలో ఆమె లేనిదే జరగదు. నిర్ణయంలో ఆమె లేకపోయినా జరుగుతుంది. గృహిణియే గృహమన్న మాటలో ప్రేమ ఉన్నది. అందులోనే ఒక చిక్కూ ఉన్నది. ఆమెయే ఇల్లు అయితే, ఇల్లు ఎట్లా ఉండవలెనో చెప్పేదెవరు? ఇల్లు నోరెత్తదు గదా!

గ్రీకుదేశంలో క్సెనఫన్ రాసిన గృహనిర్వహణ సంవాదంలోనూ ఇదే ధోరణి. అందులో ఒక గృహస్థుడు తన చిన్నవయసు భార్యకు ఏ వస్తువు ఏ గదిలో ఉండవలెనో నేర్పుతాడు. బయటిపని పురుషునికి, లోపలిపని స్త్రీకి దైవమే నిర్ణయించినదని, ఆమె తేనెపట్టులోని రాణివంటిదని గౌరవంగానే చెబుతాడు. ఆమె వింటుంది, తెలివిగా బదులు కూడా చెబుతుంది. అయితే ఆ ఇల్లు ఆమె వచ్చేనాటికే కట్టి ఉన్నది. నయపాల్ 1961లో ప్రచురించిన ప్రసిద్ధ నవలలో ట్రినిడాడులోని భారతీయ సంతతివాడైన బిశ్వాసు జీవితమంతా సొంత ఇంటి కోసం తపిస్తాడు. చివరకు అప్పుచేసి కొన్న ఇంటిలో చేరిన తరువాత దాని లోపాలు ఒక్కొక్కటే బయటపడతాయి. అత్తవారి పంచన పడిన అవమానం నుండి బయటపడడానికి అతనికి ఆ ఇల్లు కావలెను. పాఠకుడు దానిని కాదనలేడు. కాని నవల పేరులోనే ఆ ఇల్లు అతనిది. అందులో కాపురముండే భార్యాపిల్లలు అతని విజయంలో పాలుపంచుకొంటారు, అతని అప్పులోనూ పాలుపంచుకొంటారు. రెండవది ఎక్కువకాలం నిలుస్తుంది.

ఇంటి అప్పు అంటే ఏమిటో తునికాకు లెక్కలో చూస్తే స్పష్టమవుతుంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో తునికాకు ప్రామాణిక సంచి ధరను 4,000 నుండి 5,500 రూపాయలకు పెంచినది. ఒక ప్రామాణిక సంచి అనగా వేయి కట్టలు. కట్టకు ఏబది ఆకులు. వెరసి ఏబదివేల ఆకులు. ప్రభుత్వ సహాయంతో మొదలుపెట్టిన ఇంటికి, ఒక వరండా పెంచుదామని భర్త తలచి, అదనంగా 55,000 రూపాయలు అప్పు తెచ్చినాడనుకోవచ్చును. వడ్డీ మాట అటుంచి, అసలు తీరడానికి పది సంచుల ఆకు కావలెను. అనగా ఐదు లక్షల ఆకులు. తెల్లవారుజామున లేచి అడవికి పోయి, ఒక్కొక్క ఆకు కోసి, మధ్యాహ్నం కూర్చుండి కట్టలు కట్టేవారిలో ఆమె ఉన్నది, పిల్లలున్నారు. వరండా కోరిన నోరు ఒకటి, ఆకు కోసే చేతులు ఆరు. కోరిక తప్పు కాదు. ఆ ఐదు లక్షల ఆకుల సంగతి ముందుగా ఆరు చేతులవారూ కలిసి మాట్లాడుకొన్నారా అన్నదే ప్రశ్న.

సమస్యకు మూలం ఇక్కడ కనబడుతున్నది. ఇంటిపని ఇద్దరిది అని చెప్పడానికి శ్రమ చాలదు, పత్రం చాలదు, పీటల మీద పక్కన కూర్చోవడం చాలదు. ఇద్దరిలో ఎవరైనా ‘వద్దు’ అని ఉంటే ఆ పని ఆగి ఉండేదా? ఈ ఒక్క ప్రశ్నకు అవునని చెప్పగలిగిన చోట ఇల్లు ఇద్దరిది. చెప్పలేని చోట ఎంత సహకారమున్నా అది ఒకరి ఇంటికి మరొకరు చేసిన చాకిరి. కాదనే హక్కు ఉన్నవాని అవునుకే విలువ. వద్దనడానికి వీలులేనప్పుడు సరే అన్న మాట సమ్మతి కాదు. అది అలవాటు, లేక అలసట.

ఈ ప్రమాణం మీద రెండు ఆక్షేపణలు రావచ్చును. దాంపత్యంలో ఇట్లా లెక్కలు చూడడం విషం వంటిదనేది మొదటిది. ప్రేమ ఉన్నచోట అడగనక్కరలేదని చాలామంది నమ్ముతారు. దీనికి సమాధానం ఏమనగా, లెక్క వేరు, ఎరుక వేరు. నీవు ఇంత చేసినావు, నేను ఇంత చేసినాను అని తూచుకోవడం లెక్క. నీవు ఏమి చేస్తున్నావో, దేనికి భయపడుతున్నావో తెలుసుకోవడం ఎరుక. అడగకుండానే తెలుస్తుందనుకోవడం ప్రేమలో గర్వం. మట్టి ఇంటిలో ఆ ఎరుకను పని తానే కలిగించేది. చూరు మీద ఉన్నవానికి కింద మన్ను తొక్కుతున్న మనిషి కనబడేది. సిమెంటు ఇంటిలో పని దానిని కలిగించదు కాబట్టి, మాట కలిగించవలెను. పాత కాలంలో మౌనంగా ఉన్న దంపతులు ఇప్పుడు మాట్లాడవలసి రావడం ప్రేమ తగ్గినందువల్ల కాదు, గోడ మారినందువల్ల.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. ఇద్దరికీ వద్దనే హక్కు ఉంటే ఏ ఇల్లూ లేవదని, వాన కాచుకొని ఉండగా సమ్మతి కోసం కూర్చోలేమని దాని తాత్పర్యం. 2022 వరద తరువాత కూలిన గోడ ముందు నిలిచిన సంసారానికి సంప్రతింపులకు తీరికెక్కడిది? ఇందులో నిజమున్నది. కాని తొందర ఉన్నప్పుడు చేయవలసినది చిన్నపని. పెద్దపనికి ఎప్పుడూ కొంత వ్యవధి ఉంటుంది. రేకు కప్పి ఈ వానాకాలం గడపడానికి ఎవరి సమ్మతీ ప్రత్యేకంగా అక్కరలేదు. ఇరవై ఏండ్లు నిలిచే స్లాబుకు అక్కరే. విపత్తును సాకుగా చూపి శాశ్వతనిర్ణయాలు ఒక్కరే చేసివేయడం రాజ్యాలలోనే కాదు, ఇండ్లలోను జరుగుతుంది.

ఆ సీమలో దీనికంటె కఠినమైన పరిస్థితినీ మనుష్యులు చూసినారు. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత బీజాపూరు జిల్లా గ్రామాలు అనేకం ఖాళీ అయినాయి. మావోయిస్టులకు, వారి వ్యతిరేకులకు నడుమ చిక్కిన వేలాది కుటుంబాలు ఇండ్లు విడిచి గోదావరి సీమకు, నేటి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అడవులకు వలసవచ్చాయి. సాధారణ పౌరులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులుగా నియమించడం రాజ్యాంగవిరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. విడిచిన ఇండ్లు అంతటితో తిరిగి లేవలేదు. వలసవచ్చిన చోట వేసుకొన్న పాకకు పత్రం లేదు. పుట్టిన ఊరిలో ఉన్న పొలానికి పోయే ధైర్యం లేదు. అటువంటి దంపతులకు ఇంటిని బాగుచేసుకోవడమంటే ముందుగా ఏ ఊరిలో అన్న ప్రశ్న. ఈ పాకకే కొత్త వాసాలు వేయవలెనా, తిరిగిపోయి కూలిన గోడను లేపవలెనా? ఒకరికి తల్లిదండ్రుల సమాధిరాళ్లు అక్కడ ఉన్నాయి. మరొకరికి పిల్లల బడి ఇక్కడ ఉన్నది. ఇటువంటి చోట ఒకరి మాటే చెల్లితే కూలేది ఇల్లు మాత్రమే కాదు. వద్దనే హక్కు సుఖంగా ఉన్నవారి విలాసమనుకొనేవారు దీనిని ఆలోచించవలెను. అన్నీ పోయినవారికి మిగిలిన ఒకే ఆస్తి అది.

మరి ఇద్దరి సమ్మతితో కట్టిన ఇల్లు ఎట్లా ఉంటుంది? లారీ బేకర్, ఎలిజబెత్ దంపతుల జీవితం ఒక దృష్టాంతం. 1917లో ఇంగ్లండులో పుట్టిన వాస్తుశిల్పి బేకర్, కేరళకు చెందిన వైద్యురాలు ఎలిజబెత్‌ను 1948లో వివాహమాడి హిమాలయాలలోని పిఠోరాగఢ్‌లో స్థిరపడినాడు. వివాహానంతరం విహారానికి వెళ్లినచోట ఆమె వైద్యురాలని తెలిసి రోగులు రాసాగిన కారణంగా వారు అక్కడే ఉండిపోయినారు. అక్కడ ఇంటిని, ఆసుపత్రిని అతడు ఆ ప్రాంతపు రాతితో, అక్కడి పనివారి పద్ధతిలో కట్టినాడు. వాటిలో ఆమె వైద్యం చేసినది. తరువాత తిరువనంతపురంలో కొండవాలు మీద కట్టుకొన్న ఇల్లు చిన్నదిగా మొదలై ఏండ్ల తరబడి అవసరాన్ని బట్టి పెరుగుతూ వచ్చినది. ఇల్లు ఎక్కడ ఉండవలెనో ఆమె పని నిర్ణయించినది. ఎట్లా ఉండవలెనో అతని పని నిర్ణయించినది. ఇద్దరూ ఒకే పని చేయలేదు. సమానత్వానికి ఒకే పని చేయడం అవసరం కాదు.

ఆ దృష్టాంతంలో గమనించదగిన మరొక సంగతి ఇల్లు మెల్లగా పెరగడం. ఇంటిపనులలో దంపతుల కలహాలకు పెద్దకారణం అంతా ఒక్కసారి ముగించవలెననే ఆశ. మట్టి ఇల్లు ఏటా కొంత మారేది కాబట్టి, ఈ ఏడు ఓడిన మాట వచ్చే ఏడు గెలిచేది. అరుగు ఈసారి పెంచలేకపోతే మరుసటి వేసవి ఉన్నది. సిమెంటు ఇంటిలో ఒకసారి పోసిన స్లాబు మాట వినదు. వస్తువు ఎంత కఠినమైతే, దానిని పోసేముందు మనసు అంత మెత్తగా ఉండవలెను. కనుక పక్కా ఇల్లు కట్టే దంపతులకు పాత ఇంటి నుండి తీసుకోదగిన పాఠం మన్ను కాదు, వ్యవధి. ఒక గది పూర్తయిన తరువాత ఆగడం, ఆ గదిలో ఒక వానాకాలం గడపడం, అప్పుడు ఇద్దరూ మళ్ళీ ఆలోచించడం. ఆగడానికి ఒప్పుకోవడం కూడా కట్టడంలో భాగమే.

పాత గోడను పడగొట్టే ముందు అడుగవలసినవి ఎక్కువ లేవు. ఇది ఎవరికి కావలెను? దీని అప్పును ఏ చేతులు తీర్చవలెను? పత్రం మీద ఎవరి పేరు? ఇద్దరిలో ఒకరు మనసు మార్చుకొంటే పని ఎక్కడ ఆగుతుంది? ఈ నాలుగింటికీ రెండు నోళ్ల నుండి సమాధానం వచ్చిన పిమ్మట గునపం దించితే, ఇల్లు చిన్నదైనా, వరండా లేకపోయినా, అది ఇద్దరిది. వీటిలో చివరి ప్రశ్న అన్నిటికంటె కష్టమైనది. ఎందుకంటే అది ఇంటిని గురించినది కాదు, ఎదుటి మనిషిని గురించినది. ఇల్లు కట్టి చూడుమన్న సామెతకు ఇంకొక అర్థం కూడా చెప్పుకోవచ్చును. కట్టి, ఆ కట్టడంలో పక్కనున్నవారిని చూడుమని. ఏండ్లుగా ఒకే కప్పు కింద ఉన్నవారు ఒకరినొకరు తేరిపార చూసుకొనేది ఆ కప్పు తీసిన రోజుననే.